బ్యాకప్ మధ్యలో ఆగిపోతోందా? ముందు కంప్యూటర్‌ను అనుమానించండి

ఇంటి కంప్యూటర్‌లో మనం రోజూ తెరిచే ఫైళ్లు పట్టుమని యాభై ఉండవు. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, పొలం దస్తావేజులు, పాత ఐటీ రిటర్నులు ఏళ్ల తరబడి డిస్క్‌లో ఓ మూల పడి ఉంటాయి. వాటిని మొదటి నుంచి చివరి దాకా చదివే పని బ్యాకప్ తప్ప దాదాపు మరేదీ చేయదు. అందుకే హార్డ్ డిస్క్ పాడవడం మొదలైనప్పుడు చాలాసార్లు తొలి సంకేతం బ్యాకప్ ఫెయిలవడమే. కంప్యూటర్ మామూలుగానే ఆన్ అవుతుంది, సినిమాలు ఆడతాయి, ఎక్సెల్ తెరుచుకుంటుంది. బ్యాకప్ మాత్రం సగంలో ఆగి ఎర్రర్ చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పేచీ అనుకుని ఆ మెసేజ్‌ను మూసేయడం చాలా ఇళ్లలో జరిగేదే.

ముందు ఫైళ్లు, తర్వాతే రిపేరు

ఎర్రర్ రాగానే చాలామంది నెట్‌లో వెతికి చెక్ డిస్క్ కమాండ్ నడిపేస్తారు. డిస్క్ ఆరోగ్యంగా ఉండి, కరెంటు పోవడం వల్ల ఫైల్ సిస్టమ్ మాత్రమే దెబ్బతింటే అది మంచి మందే. డిస్కే చివరి దశలో ఉంటే మాత్రం ప్రమాదం. బ్యాడ్ సెక్టార్లు వెతికే ఆప్షన్‌తో నడిపితే అది డిస్క్ మొత్తాన్ని గంటల తరబడి చదివిస్తుంది, దెబ్బతిన్న ఫైళ్లను ‘సరిచేసే’ పేరుతో వాటి రూపం మార్చేస్తుంది. కాబట్టి కాపీ తీయకుండా దాని జోలికి వెళ్లొద్దు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను కాసేపు పక్కన పెట్టి, మళ్లీ దొరకని ఫోల్డర్లను చేత్తోనే పెన్‌డ్రైవ్‌కో, వేరే డిస్క్‌కో కాపీ చేయండి. మొదట చిన్నవి, ముఖ్యమైనవి. సినిమాలు ఆఖర్న చూసుకోవచ్చు. ఒక ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి తర్వాతి దానికి వెళ్లండి. విండోస్ తెరుచుకోకపోతే పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు నడిపించి ఫైళ్లు తీసుకోవచ్చు. లినక్స్‌లో దొరికే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ బాగున్న భాగాలను ముందు కాపీ చేసి, మొండికేసిన భాగాల దగ్గరికి తర్వాత వస్తుంది.

డిస్క్ నుంచి టిక్ టిక్‌మని శబ్దం వస్తుంటే ఇవేవీ చేయకండి. వెంటనే ఆఫ్ చేసి డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించాలి. ఇంకోటి, కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దాని 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకున్నాకే మెషీన్‌ను రిపేరుకు ఇవ్వండి. అది లేకపోతే డిస్క్ బాగున్నా ఫైళ్లు రావు.

ప్రతిసారీ అక్కడేనా?

బ్యాకప్ రెండుసార్లు నడిపి ఎక్కడ ఆగిందో రాసుకోండి. రెండుసార్లూ ఒకే ఫైల్ దగ్గర ఆగితే డిస్క్ మీద ఆ చోటు పాడైందని అనుమానించాలి. ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’, ‘ఐ/ఓ డివైజ్ ఎర్రర్’ అనే మాటలు కనిపిస్తే ఆ అనుమానం బలపడినట్టే. ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతున్నా, కాపీ పూర్తయ్యాక సరిచూసినప్పుడు రోజుకో ఫైల్ తేడా వస్తున్నా ర్యామ్, కేబుల్, పవర్ సప్లయ్‌ల వైపు చూడాలి. ర్యామ్ కోసం విండోస్ మెమొరీ డయాగ్నస్టిక్ ఉంది. మెమ్‌టెస్ట్86 ఇంకా నమ్మకమైనది, రాత్రంతా నడవనివ్వాలి. పాడైన ర్యామ్ ఉన్న మెషీన్ చేసే బ్యాకప్ ‘సక్సెస్’ అని చెప్పినా నమ్మడానికి లేదు. తప్పును కూడా అది నిజాయితీగా కాపీ చేస్తుంది.

డిస్క్ సంగతి తేల్చడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చాలు, ఉచితం. అందులో 05, సీ5, సీ6 వరుసల అసలు విలువలు సున్నా దాటి పెరుగుతుంటే డిస్క్ మార్చే సమయం వచ్చినట్టే. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ కన్నా ముందు దాని కేబుల్‌ను అనుమానించాలి. అంటే డిస్క్ కొనే ఖర్చు తప్పొచ్చు. ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో ‘డిస్క్’ పేరుతో 7వ నంబరు ఈవెంట్లు ఉంటే బ్యాడ్ బ్లాక్‌లు ఉన్నాయని అర్థం. ఎస్ఎస్‌డీల తీరు వేరు. చాలాసార్లు అవి ముందస్తు శబ్దమేదీ లేకుండానే పోతాయి.

తీసుకునే డ్రైవ్ తప్పు

కంప్యూటర్ బాగానే ఉందని తేలితే అటువైపు చూడాలి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్‌ను అది తీసుకోదు. ఖాళీ ఎంతున్నా అంతే. ఎక్స్‌ఫ్యాట్‌కో ఎన్‌టీఎఫ్ఎస్‌కో మార్చాలి. ఫార్మాట్ చేస్తే అందులోని ఫైళ్లు పోతాయి గనుక ముందు ఖాళీ చేసుకోవాలి. నమ్మలేనంత చవగ్గా వచ్చిన 2 టీబీ పెన్‌డ్రైవ్ అయితే అసలు కెపాసిటీ ఎంతో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. నకిలీలు 2 టీబీ అని చూపిస్తూనే కొన్ని జీబీల తర్వాత వచ్చే డేటాను గాలికి వదిలేస్తాయి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మధ్యలో మాయమై మళ్లీ కనిపిస్తుంటే హబ్ తీసేసి, క్యాబినెట్ వెనక మదర్‌బోర్డ్ పోర్టుకు పొట్టి కేబుల్‌తో నేరుగా తగిలించండి. యూఎస్‌బీ 2 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లే, కొన్ని డిస్కులకు అది చాలదు.

విండోస్‌లో ‘షాడో కాపీ’ ఎర్రర్

వాడుకలో ఉన్న ఫైళ్లను కాపీ చేయడానికి విండోస్ ముందుగా డిస్క్‌కు ఆ క్షణపు చిత్రం లాంటిది తీసుకుంటుంది. దాన్నే షాడో కాపీ అంటారు. అది కుదరలేదని మెసేజ్ వస్తే సాధారణ కారణం స్థలం లేకపోవడం. సీ డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా, మనకు కనిపించని సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్ నిండిపోయి ఉండొచ్చు. 500 ఎంబీ కన్నా చిన్న పార్టిషన్లలో కనీసం 50 ఎంబీ ఖాళీ ఉండాలి. రెండు బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఉంటే ఒకటి తీసేసి చూడండి.

కరెంటు, గడియారం, ఫైళ్ల పేర్లు

పాత విండోస్ బ్యాకప్ ఆదివారం రాత్రి 7 గంటలకు షెడ్యూల్ అయి ఉంటుంది. ఆ సమయానికి మెషీన్ ఆఫ్‌లోనో, స్లీప్‌లోనో ఉంటే పని జరగదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్‌కు ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉందేమో చూడండి. ఏళ్లనాటి డెస్క్‌టాప్‌లో తేదీ పదేపదే వెనక్కి వెళ్తుంటే మదర్‌బోర్డ్ మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పుంటే క్లౌడ్ బ్యాకప్ సురక్షిత కనెక్షన్ కూడా కుదరదు.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకు ఓ ప్రత్యేక ఇబ్బంది ఉంది. విండోస్‌లో చాలా ప్రోగ్రామ్‌లకు ఫోల్డర్లతో కలిపి ఫైల్ పేరు 260 క్యారెక్టర్లు దాటకూడదు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు క్యారెక్టర్లు. లినక్స్ మీద నడిచే నెట్‌వర్క్ స్టోరేజ్‌లలో ఫైల్ పేరుకు పరిమితి సాధారణంగా 255 బైట్లు. తెలుగు క్యారెక్టర్‌కు మూడేసి బైట్లు కావాలి కాబట్టి 85 దగ్గర ఆగిపోతుంది. పేర్లు కుదించడమే మార్గం. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత పేజ్‌మేకర్ ఫైళ్లు ఉన్నవాళ్లు ఆ ఫాంట్లనూ బ్యాకప్‌లో చేర్చాలి. అవి లేకుండా ఫైల్ తెరిస్తే కనిపించేవి అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులే.

‘సక్సెస్’ అంటే సరిపోతుందా?

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థ ఉద్యోగి ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశారు. తీరా చూస్తే వాళ్ల మామూలు బ్యాకప్‌లు సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడాతో అప్పటికే ఫెయిలవుతున్నాయి. ఆ సంగతి చెప్పాల్సిన హెచ్చరిక ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. నిపుణులున్న చోటే అలా జరిగింది. ఇంట్లో అయితే చేయాల్సింది చిన్నదే: నెలకోసారి బ్యాకప్ నుంచి నాలుగైదు ఫైళ్లను మరో కంప్యూటర్‌లోకి తెచ్చి తెరిచి చూడటం. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్‌ల సింక్‌ను బ్యాకప్‌గా లెక్కపెట్టకండి. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, ట్రాష్‌లో ఉండేది 30 రోజులే.

డిస్క్ మార్చాల్సి వస్తే పాతదాన్ని వెంటనే ఫార్మాట్ చేయడం, ఎక్స్‌ఛేంజ్‌కు ఇవ్వడం వద్దు. కొన్ని నెలలు బీరువాలో ఉంచండి. కాపీ కాలేదని తర్వాతెప్పుడో గుర్తొచ్చే ఫైల్ ఒకటైనా ఉంటుంది.