పరిశోధనాలయముల వెబ్‌సైటులు - పాఠకుని సౌకర్యము

గ్రంథములను సేకరించుట యొక విద్య; వానిని పాఠకుని చేతికందించుట వేరొక విద్య. ఈ రెండవ విద్య కంప్యూటరుయుగమున నెట్లు వృద్ధిపొందినదో తెలియగోరువారు పరిశోధనాలయముల వెబ్‌సైటుల చరిత్రను పరిశీలింపవలెను.

1989లో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లండునందలి సెర్న్ పరిశోధనాలయమున వరల్డ్ వైడ్ వెబ్ ప్రణాళికను ప్రతిపాదించెను. 1991లో అది వాడుకలోనికి రాగా, అచ్చటి ఉద్యోగులలో పలువురు దానిని ముఖ్యముగా సంస్థ టెలిఫోను నంబరులు చూచుకొనుటకే వాడిరి. నిత్యావసరమును తీర్చిన పుటయే ఆదరణ పొందెను.

అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు నడుపు స్లాక్ పరిశోధనాలయమున భౌతికశాస్త్ర పత్రముల సూచిక 'స్పైర్స్' అనుపేర కంప్యూటరులో నుండెను. దానిని వెదకుటకు ప్రత్యేకమైన ఆజ్ఞలు నేర్వవలసియుండెను. 1991 సెప్టెంబరులో పాల్ కుంజ్ అను శాస్త్రజ్ఞుడు సెర్న్‌లో ఈ నూతన సాధనమును చూచి వచ్చెను. గ్రంథాలయాధికారిణి లూయీస్ ఆడిస్ దాని ప్రయోజనమును వెంటనే గ్రహించెను. 1991 డిసెంబరు 12న వెలసిన వారి వెబ్‌సైటు ఐరోపాకు వెలుపల మొట్టమొదటిది. అందలి తొలిపుట కొలదిపంక్తులు మాత్రమే. అయినను దూరదేశపు శాస్త్రజ్ఞుడు తన ప్రశ్నను తానే యడిగి సమాధానము పొందగలిగెను.

మనకు సన్నిహితమైన యుదాహరణము షికాగో విశ్వవిద్యాలయమువారి దక్షిణాసియా నిఘంటువుల వెబ్‌సైటు. బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుయొక్క 1903 నాటి కూర్పు అందు కలదు. పదమును తెలుగు లిపిలోను, రోమను లిపిలోను వెదకవచ్చును. అర్థమునందలి ఇంగ్లీషు మాటనుబట్టియు తెలుగు పదమును కనుగొనవచ్చును. ఇంట తెలుగు మాటాడుచు, బడిలో తమిళమో కన్నడమో చదువు మన పిల్లలకు అచ్చు నిఘంటువు మూసిన తలుపువంటిది. అకారాదిక్రమము తెలియనిదే అది తెరచుకొనదు. ఈ వెబ్‌సైటు ఆ తలుపును కొంత తెరచినది.

వెలినాటి తెలుగువారి శాసనములను, దస్తావేజులను, పాటలను భద్రపరుపబూనిన సంస్థలు దీనినుండి నేర్వవలసినది కలదు. సంస్థాపకుల చిత్రములకంటె వెదకుటకు చోటు ముందుండవలెను. ఛాయాచిత్రముగా నెక్కించిన పుటకు యూనికోడు అక్షరములలో సూచిక జోడింపవలెను; లేనిచో అది కంటికి కనబడునేగాని వెదకిన దొరకదు. హొసూరు అని కన్నడరీతిగా వ్రాసినను, ఓసూరు అని తమిళరీతిగా వ్రాసినను పాఠకుడు ఒకేచోటికి చేరవలెను. వెబ్‌సైటును ప్రకటించుటకు పూర్వము ఎనిమిదవ తరగతి బాలిక చేతికిచ్చి, ఆమె తన అమ్మమ్మ ఊరిపేరు కనుగొనగలుగునో లేదో చూడుడు. కనుగొనలేకున్నచో లోపము బాలికయందు గాక కూర్పునందున్నదని గ్రహించి సవరింపవలెను. లేకున్న మనము కూడబెట్టినది మన బిడ్డలకే అందకపోవును.