బ్రాండెన్‌బర్గ్ ఎలిజబెత్ (1510–1558): రెండు వివాహాలు, ఒక సంఘ సంస్కరణ

సంస్కరణోద్యమ చరిత్రను మనం సాధారణంగా లూథర్, మెలాంక్‌తోన్ వంటి బోధకుల పేర్లతోనే చదువుతాం. అయితే ఆనాటి జర్మనీలో ప్రజలు ఏ విధమైన ఆరాధనలో పాల్గొనాలన్నది చాలావరకు పాలక కుటుంబమే నిర్ణయించేది. కనుక ఆ కుటుంబాల వివాహాలు కూడ సంఘ చరిత్రలో భాగమే. ఇందుకు ఎలిజబెత్ జీవితం తగిన ఉదాహరణ.

మొదటి వివాహం

ఎలిజబెత్ బ్రాండెన్‌బర్గ్ పాలకుడైన మొదటి యోవాకీం కుమార్తె. 1525లో, పదిహేనేళ్లు నిండకముందే, కాలెన్‌బర్గ్–గోటింగెన్ ప్రభువైన మొదటి ఎరిక్‌తో ఆమెకు వివాహమైంది. ఆయన భార్య చనిపోయినవాడు, ఆమెకంటే నలభై ఏళ్లు పెద్దవాడు. ఆ సంసారం ప్రశాంతంగా సాగలేదు. ప్రసవంలో తాను పడిన బాధకు భర్త ఉంపుడుగత్తె చేతబడియే కారణమని ఎలిజబెత్ ఆరోపించింది. ఆ వ్యవహారంలో కొందరు స్త్రీలు దహనశిక్షకు గురయ్యారు. ఈ మచ్చను మనం దాచకూడదు.

1528లో ఆమె తల్లి, లూథర్ బోధను అంగీకరించినందున, భర్తకు భయపడి సాక్సనీకి పారిపోయింది. పదేళ్ల తరువాత, 1538లో, ఎలిజబెత్ ప్రభువు బల్లలో రొట్టెను, ద్రాక్షారసమును రెండింటిని బహిరంగంగా పుచ్చుకొని తన విశ్వాసాన్ని వెల్లడించింది. తల్లికి కలిగిన గతి కుమార్తెకు కలగలేదు. ఎరిక్ చివరివరకు రోమన్ కథోలికుడుగానే ఉన్నాడు గాని భార్య మనస్సాక్షికి అడ్డుపడలేదు.

వైధవ్యం, పరిపాలన

1540లో ఎరిక్ మరణించగా, కుమారుడు చిన్నవాడైనందున ఎలిజబెత్ పరిపాలన చేపట్టింది. అంతోనియుస్ కోర్వీనుస్ అనే బోధకుని సూపరింటెండెంటుగా నియమించింది. 1542లో సంఘ క్రమము ప్రకటింపబడింది. సంఘాల తనిఖీ జరిగింది. 1545లో కుమారునికి పరిపాలనను గూర్చిన ఉపదేశ గ్రంథాన్ని స్వయంగా వ్రాసి ఇచ్చింది.

రెండవ వివాహం

1546లో ఆమె హెన్నెబర్గ్ ప్రభువంశీయుడైన పొప్పోను పెండ్లాడింది. ఆయన అన్న అప్పటికే ఆమె పెద్దకుమార్తెకు భర్త. ఇంతలో రెండవ ఎరిక్ తల్లి విశ్వాసాన్ని విడిచి, చక్రవర్తి పక్షం చేరాడు. ఇంటెరిం శాసనాన్ని ఎదిరించిన కోర్వీనుస్‌ను 1549లో చెరలో వేయించాడు. మూడేళ్ల తరువాత విడుదలైన ఆ బోధకుడు 1553లో మరణించాడు. ఎలిజబెత్ కూడ తన స్థానమును కోల్పోయి, హానోవర్‌లో లేమిని అనుభవించింది. ఆ కష్టకాలం తరువాత విధవరాండ్ర కొరకు ఒక ఆదరణ గ్రంథము వ్రాసింది. 1557లో ఎరిక్ తన చెల్లెలు కాథరీనాను కథోలికుడైన బొహీమియా ప్రభువుకిచ్చి పెండ్లి చేశాడు. తల్లికి తప్పుడు తేదీ తెలిపినందున ఆమె వచ్చేసరికి వివాహం ముగిసింది. మరుసటి సంవత్సరమే ఇల్మెనావ్‌లో ఆమె కన్నుమూసింది.

ముగింపు

భిన్న విశ్వాసం గల భర్త ఆమెకు అడ్డుపడలేదు. తాను ఉపదేశించి పెంచిన కుమారుడే ఆమె పనిని కూల్చబూనాడు. లోయి, యునీకేల విశ్వాసం తిమోతిలో నిలిచింది గాని, విశ్వాసం ఆస్తివలె వారసత్వంగా వచ్చేది కాదు. తమ బిడ్డలు సంఘాన్ని విడిచిపోగా మౌనంగా దుఃఖించే కాపరులు మనలోనూ ఉన్నారు. వారిని నిందించే ముందు ఎలిజబెత్‌ను తలంచుకోవాలి. అయితే ఆమె పని వ్యర్థం కాలేదు. 1584లో రెండవ ఎరిక్ న్యాయమైన వారసుడు లేక మరణించగా, దేశం లూథరన్ ప్రభువైన యూలియుస్ వశమైంది. పాలకుడు విడిచినదానిని సంఘాలు విడువలేదు.