సీలు వేసిన రిజిస్టరు

ఆ మధ్య ఒక క్లినిక్‌లో కూర్చుని ఉన్నాను. కౌంటర్‌లోని అమ్మాయి ఒకామె పేరూ, ఆమె ఎందుకొచ్చిందో ఆ సంగతీ గట్టిగా చదివింది. బెంచీల మీద ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఆమె కొంగు తలమీదికి లాక్కుంది.

ఆసుపత్రి రిజిస్టరులో స్త్రీ పేరుకి పెద్ద చరిత్రే ఉంది. వలస పాలకులు 1864 కంటోన్మెంటు చట్టం, 1868 అంటురోగాల చట్టం కింద వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీల పేర్లు నమోదు చేశారు. చెప్పిన రోజున శరీర పరీక్షకి రావాల్సిందే. రోగం ఉందంటే లాక్ హాస్పిటల్లో నిర్బంధం. సికింద్రాబాదు కంటోన్మెంటులోనూ అలాంటి ఆసుపత్రి ఉండేది. చట్టం నమోదు చేసింది ఆడవాళ్లనే, వాళ్ల దగ్గరికెళ్లిన సైనికుల్ని కాదు. 1868 చట్టం 1888లో రద్దయింది. రిజిస్టరంటే భయం మాత్రం పోలేదు.

అందుకే 1971 గర్భస్రావ చట్టం కింద వచ్చిన నిబంధనలు నాకు అపురూపంగా తోస్తాయి. స్త్రీ పేరు ఒక్క అడ్మిషన్ రిజిస్టరులోనే ఉండాలి. కేసు షీటులో, ఆపరేషన్ థియేటర్ పుస్తకంలో వరస సంఖ్య తప్ప పేరు రాయకూడదు. అంగీకార పత్రం కవరులో పెట్టి సీలు వేసి, దానిమీద 'రహస్యం' అని రాయాలి. కంప్యూటర్లు లేని రోజుల్లోనే పేరునీ రోగాన్నీ విడదీసే పద్ధతి ఇది!

కానీ ఆ నిబంధనలు మీరితే జరిమానా వెయ్యి రూపాయల దాకానే. 2021 సవరణతో పేరు బయటపెట్టిన డాక్టరుకి ఏడాది దాకా జైలుశిక్ష వచ్చింది. 2022లో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. గర్భస్రావానికి వచ్చిన మైనరు బాలిక, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరు చెప్పక్కర్లేదంది. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, రోజుల తరబడి పనులు కాగితాల మీదే నడిచాయి.

అల్మరా తాళం ఇప్పుడు పాస్‌వర్డ్ అయింది. అది నలుగురికీ ఒకటే అయితే తాళం లేనట్టే. ఎవరి ఫైలు ఎవరు తెరిచారో నమోదు కావాలి. ల్యాబు చీటీకి సంఖ్య చాలు. కౌంటర్‌లో పేరు పిలిచినా రోగం పిలవకూడదు.

ఇంతకాలం రిజిస్టరు మనమీద కాపలా కాసింది. ఇక మనకోసం కాయాలి.