పనివిద్యార్థుల పోటీలు – ఒక చరిత్ర

శతవార్షిక సంచికలో బిషపుల చరిత్ర, బడుల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర ఉండుట న్యాయమే. మేము మాత్రము ఈ పుటలను ఫిట్టరు, టర్నరు, వెల్డరు పని నేర్చుకొనే పిల్లల కొరకు వాడుకొనగోరుచున్నాము. పాటల పోటీలకు, వాక్య పోటీలకు చప్పట్లు కొట్టే మనలో, ఆకురాయి పట్టిన కుర్రవానికి కూడ పోటీ ఉన్నదని ఎరిగినవారు ఎందరు?

ఈ పోటీలు స్పెయిన్ దేశములో పుట్టినవి. అంతర్యుద్ధము తరువాత అక్కడ నేర్పరులైన పనివారు కరువయ్యారు. పిల్లలకును తల్లిదండ్రులకును చేతిపని మీద గౌరవము కలిగింపవలెనని 1947లో వృత్తి విద్యార్థులకు జాతీయ పోటీ పెట్టారు. నియంత పాలనలోని యువజన సంస్థ దానిని నడిపినదన్న సంగతి దాచనక్కర లేదు. నజరేతును గూర్చి నతనయేలు పడిన సందేహము మనము పడనక్కర లేదు. 1950లో పొరుగుదేశమైన పోర్చుగల్ చేరగా, దేశమునకు 12 మంది చొప్పున 24 మంది మాడ్రిడ్‌లో పోటీపడ్డారు. 1958లో ఆ పోటీలు బ్రస్సెల్సుకు, 1970లో టోక్యోకు వెళ్లినవి. వరల్డ్ స్కిల్స్ అని నేడు మనము వినునవి అవే.

పరీక్ష ఎట్లుండునో చెప్పవలెను. ఫిట్టరు చేతికి ఒక డ్రాయింగు, కొంత ఉక్కు, లెక్కపెట్టిన గంటలు. రంపముతో కోసి, ఆకురాయితో రాసి, రెండు ముక్కలను ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు చేయాలి. సందులో నుండి వెలుతురు కనబడితే మార్కులు పోయినట్లే. టర్నరు లేతు మీద తీసిన పనిని మిల్లీమీటరులో నూరవ వంతు వరకు కొలుస్తారు. ఆ కుర్రవాడు ఎవరి కుమారుడో, ఏ పేట నుండి వచ్చాడో మైక్రోమీటరుకు తెలియదు. ఈ మాట బరువు మన సంఘములవారికి విప్పి చెప్పనక్కర లేదు.

దక్షిణ కొరియా 1967లో మొదటిసారి వెళ్లి దర్జీపనిలోను, చెప్పులు కుట్టే పనిలోను బంగారు పతకములు తెచ్చుకొన్నది. చెప్పులు కుట్టినవానికి బంగారము! పదేండ్లు గడిచేసరికి, 1977లో, దేశములన్నిటిలో మొదటి స్థానము వారిదే.

మన దేశములో ఐ.టి.ఐ. శిక్షణ పథకము 1950లో ఆరంభమైనది, అప్రెంటిస్ చట్టము 1961లో వచ్చినది. ఆ దశకములోనే ఐ.టి.ఐ. విద్యార్థులకు అఖిల భారత పోటీలు మొదలైనవి. ప్రపంచ పోటీలలో మనకు తొలి బంగారు పతకము 2019లో కజాన్‌లో, నీటి సాంకేతిక విభాగములో వచ్చినది. 2024లో లియాన్‌లో నాలుగు కాంస్య పతకములు వచ్చినవి. వాటిలో ఒకటి ఆధునిక కర్మాగారములకు సంబంధించిన ఇండస్ట్రీ 4.0 విభాగములోనిది.

సంఘమునకు దీనితో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. క్రైస్తవులైనందుకు బ్రతుకుతెరువు పోగొట్టుకొన్నవారి కొరకు బాసెల్ మిషనువారు మగ్గములు పెట్టించారు, 1865లో మంగళూరులో పెంకుల కార్ఖానా తెరిచారు. తెలుగు మిషను బడులలోను వడ్రంగము, నేత, కుట్టుపని నేర్పేవారు. తరువాత మనకు గుమస్తా కుర్చీ మీద ఆశ పుట్టింది. మెట్రిక్ తప్పినవాడే ఐ.టి.ఐ.కి పోవుననే మాట మన ఇండ్లలోను పాతుకొన్నది. నిర్గమకాండము 31వ అధ్యాయములో దేవుడు పేరుపెట్టి పిలిచిన బెసలేలు లోహపు పనివాడే, చెక్క పనివాడే. గుడారమును గూర్చి ఎన్నో ప్రసంగములు చేసే మనము అతనిని గూర్చి చేసేవి బహు తక్కువ.

పాస్టరేటు కమిటీలకు మాదొక మనవి. మీ సంఘములలోని ఐ.టి.ఐ. పిల్లల పేర్లు వ్రాసి పెట్టుకొనుడి. రాబోవు కోతపండుగకు ముందు వారికొక చిన్న పోటీ పెట్టుడి; కొలతలు చూచుటకు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దను ఒకరిని పిలువుడి. గుమ్మడికాయలు, కోళ్లు వేలము వేసే బల్ల మీదనే వారు చేసిన గడియ, బందు, సుత్తి కూడ పెట్టి, చేసినవాని పేరు చదివి వేలము వేయుడి.