బొమ్మలో పడని మనిషి

నెల్లూరు జిల్లా పడమటి మెట్టల్లో ఎక్స్‌రే కథ చెప్పాలంటే ఎద్దుల దగ్గర మొదలుపెట్టాలి. 1930ల మొదట్లో ఇక్కడి రైతులకి ఒక సంగతి అంతు పట్టలేదు. బాగా ఉన్న ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాయి. కొన్నాళ్ళకి మనుషుల్లోనూ అదే. మెడ తిరగదు, వంగిన నడుం లేవదు. 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ మీద ఒక వ్యాసం వేశారు. నీళ్ళలోని ఫ్లోరైడ్ మన దేశంలో మనుషుల ఎముకల్ని ఏం చేస్తోందో గట్టిగా చెప్పిన తొలి వ్యాసాల్లో అదొకటి. దర్శి, పొదిలి అప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అవి అటెళ్ళాయి, ఉదయగిరి, ఆత్మకూరు ఇటు మిగిలాయి. నీళ్ళకి ఈ సరిహద్దు సంగతి తెలీదు కదా.

షార్ట్ పేరు మలేరియా చరిత్ర చదివినవాళ్ళకి తెలిసిందే. నా కన్ను మాత్రం బర్నార్డ్ దగ్గర ఆగింది. మద్రాసు జనరల్ హాస్పిటల్లో 1934లో మొదలైన బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రేడియాలజీ ఈయన పేరు మీదిదే. నీళ్ళ జబ్బు వ్యాసంలో ఎక్స్‌రే డాక్టరుకేం పని? ఫ్లోరోసిస్ ముదిరిందని తేల్చి చెప్పేది ఎక్స్‌రే ఫిలిమే కాబట్టి. మామూలు వెన్నెముక బూడిద రంగులో కనిపించే చోట ఇది సుద్దముక్కలా తెల్లగా పడుతుంది. కండని ఎముకకి కట్టే నరాలు కూడా సున్నం పట్టి బొమ్మలోకి వచ్చేస్తాయి.

ఇంతవరకూ వైద్య చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. బొమ్మ తీసినవాడి సంగతే ఉండదు.

1934లోనే అంతర్జాతీయ సంఘం ఒక హద్దు పెట్టింది: ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజుకి 0.2 రాంట్‌జెన్ దాకా తట్టుకోగలడని. ఇప్పటి లెక్కలోకి మారిస్తే అటూ ఇటుగా 2 మిల్లీసీవర్టులు. ఇవాళ మన దేశంలో రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్ళకి ఉన్న హద్దు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. అంటే ఇప్పటి ఏడాది కోటా అప్పట్లో పది రోజుల పని. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పోగొట్టుకుని 1904లోనే చనిపోయాడు. 1936లో హాంబర్గ్‌లో ఎక్స్‌రే మృతులకి రాతి స్తంభం నిలబెట్టినప్పుడు దాని మీద నూట యాభైకి పైగా పేర్లు చెక్కారు. ఇన్ని చావుల తర్వాత కూడా హద్దు అంత ఉదారంగా ఉంది.

మన దగ్గర ఫిలిమ్ బ్యాడ్జీలు 1950ల్లో వచ్చాయి. 1970ల మధ్య నుంచి వాటి స్థానంలోకి టీఎల్‌డీ బ్యాడ్జీలు వస్తూ వచ్చాయి. భాభా అణు పరిశోధన కేంద్రంవాళ్ళు చేసిన ఈ బ్యాడ్జీ నాకు భలే నచ్చుతుంది. డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్‌ని టెఫ్లాన్‌లో అద్ది చేసిన మూడు బిళ్ళలు. ఒకటి రాగి, అల్యూమినియం రేకుల చాటున, ఒకటి ప్లాస్టిక్ చాటున, ఒకటి బాహాటంగా. మూడు నెలలు తగిలిన రేడియేషన్‌ని బిళ్ళ లోపల దాచుకుంటుంది. ల్యాబ్‌లో వేడి చేస్తే ఆ దాచుకున్నదంతా వెలుతురుగా కక్కేస్తుంది, దాన్ని కొలుస్తారు. చదవగానే మెమరీ ఖాళీ, రెండోసారి చదవడానికి ఏమీ మిగలదు. మా సాఫ్ట్‌వేర్‌వాళ్ళం ఇలాంటి డిజైన్‌కి బ్యాకప్ ఏదని గొడవ పెట్టుకుంటాం.

సాంకేతికత దగ్గర లోపం లేదు. అణుశక్తి నియంత్రణ మండలి 1983లో వచ్చింది, 2004లో రేడియేషన్ రక్షణ నియమాలు వచ్చాయి. మూడు నెలల్లో 10 మిల్లీసీవర్టులు దాటితే విచారణ ఉంటుంది. చిక్కంతా ఆ విచారణ దగ్గరే. నాకు తెలిసిన ఒక టెక్నీషియన్ బ్యాడ్జీని సొరుగులో పెట్టేవాడు, "ఎక్కువొస్తే నన్నే అడుగుతారు గదన్నా" అని. సొరుగుకి డోసు రాదు, రికార్డు నిక్షేపంగా ఉంటుంది. కొందరిది దీనికి తిరగబడ్డ కథ: ఏప్రన్‌తో పాటు బ్యాడ్జీని ఎక్స్‌రే గదిలోనే తగిలించి ఇంటికెళ్ళిపోతారు, మనిషికి తగలని డోసు కాగితం మీదకెక్కుతుంది. రెండు రకాల అబద్ధాల్లో మొదటిదే ప్రమాదం అని నా అభిప్రాయం. రెండోదాన్ని కనీసం ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.

ఉదయగిరి వైపు ఇంకో మెలిక ఉంది. సున్నం పట్టిన ఎముకలోంచి కిరణం దూరాలంటే ఎక్స్‌పోజర్ పెంచాలి. పెంచినకొద్దీ రోగి ఒంటి మీదనుంచి చుట్టూ చెదిరేదీ పెరుగుతుంది. నడుం చాపలేని ముసలాయన బల్ల మీద తిన్నగా పడుకోలేడు. బొమ్మ చెదిరితే మళ్ళీ తియ్యాలి. అందుకని ఎవరో ఒకరు పట్టుకోవాలి. కొడుకు కావచ్చు, వార్డుబాయ్ కావచ్చు. గర్భంతో లేని పెద్దవాళ్ళెవరైనా ఏప్రన్ వేసుకుని పట్టుకోవచ్చనీ, రోజూ ఒకే ఉద్యోగిని ఆ పనికి వాడకూడదనీ పద్ధతి. ఒక మీటరు దూరంలో ఉన్నవాడు రెండు మీటర్లకి జరిగితే తగిలేది నాలుగో వంతుకి పడిపోతుంది. పట్టుకున్నవాడు జరగలేడు. కొడుకైతే జన్మకోసారి వస్తాడు, వాడికి ఫరవాలేదు. వార్డుబాయ్ రేపూ వస్తాడు, ఎల్లుండీ వస్తాడు. వాడు రేడియేషన్ ఉద్యోగి లెక్కలోకి రాడు కాబట్టి వాడికి బ్యాడ్జీ ఉండదు.

ఎక్స్‌రే రిజిస్టర్‌లో రోగి పేరు, వయసు, ఏ భాగం, ఎన్ని ఫిలిములు అని గడులుంటాయి. ఎవరు పట్టుకున్నారు అని ఇంకో గడి గియ్యడానికి ఒక స్కేలు చాలు.