జల సాధన సమితి
ఫ్లోరైడ్ పీడిత నల్లగొండ జిల్లాకు కృష్ణా జలాలు కోరుతూ దుశర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలి నడిపిన ఉద్యమ సంస్థ. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ పళ్లకు గార పట్టిస్తుంది. మోతాదు బాగా పెరిగితే ఏళ్ల తరబడి ఎముకలను వంచి, కీళ్లను బిగించేస్తుంది. బోరునీళ్లే దిక్కైన పేదలకే ఈ శిక్ష ఎక్కువ.

పాలకుల్లో కదలిక కోసం 1996 లోక్‌సభ ఎన్నికల్లో సమితి మూకుమ్మడిగా నామినేషన్లు వేయించింది. నల్లగొండ బరిలో 480 మంది నిలవడంతో బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచినా, జిల్లా నీటి గోస దేశమంతా విన్నది అప్పుడే. అదే ఏడాది ఎన్నికల చట్టాన్ని సవరించి జనరల్ అభ్యర్థుల ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు; నీళ్లడిగిన పల్లెలకు అది జవాబు కాదు. తరువాత ఫ్లోరోసిస్ బాధితుడు అంశల స్వామిని సత్యనారాయణ ఢిల్లీకి తీసుకెళ్లి ప్రధాని వాజపేయి ఎదుటే చూపించారు.