లంకల సీమలో భూగోళం చదువు

1794 మే నెలలో మద్రాసులో కుంపినీ వాళ్ళు ఒక సర్వే బడి తెరిచారు. పిల్లలు ఎనిమిది మంది. బడి పెట్టించినవాడు మైకేల్ టాపింగ్. మా ఏటికి అవతల కోరింగ తీరాన్ని కొలిచినవాడు ఆయనే. గోదావరి, కృష్ణ నీళ్ళు పొలాలకు మళ్ళించే వీలుందా అని కాటన్ దొరకు యాభై ఏళ్ళ ముందే చూసి వెళ్ళినవాడూ ఆయనే. 1796లో మచిలీపట్నంలో పోయాడు. బడి మాత్రం నిలిచి, పెరిగి పెద్దదై, గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. ఆ తొలి పిల్లలు అనాథాశ్రమం కుర్రాళ్ళు. వాళ్ళను బళ్ళో వేసుకున్నదే సర్వే పనికి పంపడానికి. భూగోళం చదువుకీ కూటికీ మధ్య అంత దగ్గర చుట్టరికం ఆ తర్వాత మా వైపు ఎప్పుడైనా ఉందా అంటే, నాకైతే కనపడలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా మేనకోడలు ఒక ప్రశ్న వేసింది. "మావయ్యా, జాగ్రఫీ ఆన్‌లైన్‌లో చేద్దామనుకుంటున్నాను, డబ్బులు పెట్టొచ్చంటావా?" అని. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలుస్తుందని దాని నమ్మకం. ఊఁ అనో ఉహూఁ అనో తేల్చే విషయం కాదిది.

మాది ఐ.పోలవరం. ఐలాండ్ పోలవరం అన్నమాట. ఆ 'ఐ' రాయడం మరిస్తే ఉత్తరం ప్రాజెక్టు పోలవరం తిరిగి వచ్చేది. చుట్టూ వృద్ధ గౌతమి పాయలు. వరదొస్తే ఈ గట్టున కోస్తుంది, ఆ గట్టున మేట వేస్తుంది. నిరుడు ఒకడి కొబ్బరితోట ఉన్నచోట ఈ ఏడు నీళ్ళుంటాయి, ఎవరిదీ కానిచోట ఇసుక దిబ్బ లేస్తుంది. ఆ దిబ్బ ఎవరిదన్నది తేల్చడానికి కొలవాలి. కొలిచినవాళ్ళెవరూ భూగోళం చదవలేదు. కరణం గారికి తండ్రి నుంచి వచ్చిన విద్య. గొలుసు లాగేవాడికి సంతకమే రాదు. అయినా వాడి పని చూడాలి. గొలుసు 66 అడుగులు, వంద లింకులు. ముందువాడు చేతిలో పది ఇనుప మేకులు పట్టుకుని నడుస్తాడు. గొలుసు బిగిసినచోటల్లా ఒక మేకు గుచ్చుతాడు. వెనకవాడు దాన్ని పీక్కుంటూ వస్తాడు. చివర వెనకవాడి గుప్పిట్లో ఎన్ని మేకులుంటే అన్ని గొలుసులు. కాగితం, కలం అక్కర్లేదు, లెక్క తప్పదు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. బురదలో, తుంగలో, మోకాలిలోతు నీళ్ళలో ఇలాగే లంకలన్నీ కొలిచారు. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణాలను తీసేసింది. వాళ్ళ పెత్తనం పోవడం మంచికే అని నా అభిప్రాయం. వాళ్ళతోపాటు ఏ దిబ్బ ఏ వరదకు లేచిందో చెప్పగల జ్ఞాపకం కూడా పోయింది.

ఇక చదువు సంగతి. మాకు పై చదువంటే ఏరు దాటడం. మా మండలంలోని ఎదుర్లంకలో పుట్టిన బాలయోగి గారు సొంతూళ్ళో బడి లేక గుత్తెనదీవిలో అక్షరాలు దిద్దుకున్నారు. డిగ్రీ కాకినాడలో, ఆపైన ఎం.ఏ., లా ఆంధ్రా యూనివర్సిటీలో. 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఎదుర్లంక నుంచి యానాంకి వంతెన 2002లో వచ్చింది, ఆయన పోయిన ఏడాదే, ఆయన పేరుతోనే. అంతకుముందు ఏరు దాటించే పంటే గతి. పంటు తప్పితే కాలేజీ తప్పినట్టే. ఆడపిల్లల్ని ఆ రేవు దాటించడానికి ఇష్టపడని ఇళ్ళు చాలా ఉండేవి.

అందుకే పోస్టులో వచ్చే చదువు మాకు వరమైంది. ఇది మనం కనిపెట్టింది కాదు. లండన్ యూనివర్సిటీ 1858లోనే ఎక్కడ చదివినా వచ్చి పరీక్ష రాసుకోమంది. మన దేశంలో ఢిల్లీ యూనివర్సిటీ 1962లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలెట్టింది, ఆంధ్రా యూనివర్సిటీ 1972లో. 1982 ఆగస్టులో, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా, హైదరాబాద్‌లో ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నారు. దాని తొలి వైస్ చాన్స్‌లర్ జి.రామ్‌రెడ్డి గారే 1985లో ఇగ్నోకి కూడా తొలి వైస్ చాన్స్‌లర్ అయ్యారు. 1991లో ఓపెన్ యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టారు. 2022లో మా జిల్లాకూ అదే పేరొచ్చింది, కాకపోతే అప్పటికి యూనివర్సిటీ తెలంగాణలో ఉండిపోయింది.

నా బి.ఏ. అలా పోస్టులో వచ్చిందే. ఖాకీ కవర్లో పాఠాల కట్ట. వానాకాలం పోస్ట్‌మన్ గొడుగు కింద తెచ్చినా చెమ్మకు కాగితాలు అంటుకుపోయేవి. పొయ్యి పక్కన ఆరబెట్టి, చాకుతో ఒక్కో పేజీ విడదీసి చదివేవాణ్ణి. అందులో చరిత్ర ఉంది, ఆర్థికశాస్త్రం ఉంది, రాజనీతి ఉంది. నాకు మనసున్న భూగోళం లేదు. కారణం తేలికే. భూగోళానికి ప్రాక్టికల్స్ ఉంటాయి. స్కేలు గీయాలి, గొలుసు సర్వే చెయ్యాలి, టోపో షీటు చదవాలి, వాతావరణ పటంలో సమభార రేఖలు చూసి తుపాను ఎటు నడుస్తోందో చెప్పాలి. (1996 నవంబరు 6 నాటి తుపాను తర్వాత, ఆ దెబ్బ తిన్న భైరవపాలెం పిల్లలకు ఆ ఆఖరి పాఠం చెప్పడానికి నాకు నోరు రాలేదు.) ఇవి కవర్లో పెట్టి పంపేవి కావు. ఇంకో వింత కూడా ఉంది. తీరప్రాంతపు టోపో షీట్లు మామూలువాళ్ళకు అమ్మేవారు కాదు, రక్షణ కారణాలు చెప్పేవారు. 2005లో కొత్త మ్యాప్ పాలసీ వచ్చేదాకా మా కుర్రాడు ఎక్కడి కొండలో ఉన్న షీటు చూసి వంపులు గీయాల్సిందే తప్ప, తన లంక ఉన్న షీటు కంటితో చూసే దారి లేదు.

ఉద్యోగాల వైపు చూస్తే ఇంకా నీరసం. మన ఇంటర్ గ్రూపుల పేర్లే చూడండి. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. వాటిలో 'జి' ఎక్కడుంది? ఇంటర్ కాలేజీల్లో చాలాచోట్ల చెప్పని సబ్జెక్టుకు లెక్చరర్ పోస్టు ఎక్కణ్ణించి వస్తుంది? భూగోళం మనలో చాలామందికి పదో తరగతితో ఆగిపోయి, మళ్ళీ గ్రూప్స్ కోచింగ్ సెంటర్లో లేచి కూర్చుంటుంది.

ఇప్పుడు ఆన్‌లైన్ వచ్చింది. యూజీసీ 2020లో నిబంధనలు పెట్టింది. గుర్తింపున్న సంస్థ నుంచి దూరవిద్యలోగానీ ఆన్‌లైన్లోగానీ తెచ్చుకున్న డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో మళ్ళీ గట్టిగా చెప్పింది. అయితే ప్రాక్టికల్స్ తప్పనిసరైన కోర్సుల్ని పూర్తి ఆన్‌లైన్లో నడపకూడదన్నదీ అదే నిబంధన. అంటే 1972 నాటి చిక్కుముడి కొంగున అలాగే ఉంది. ప్రాక్టికల్స్ ఊసెత్తకుండా జాగ్రఫీ డిగ్రీ ఇంటికొచ్చేస్తుందని ఎవడైనా ఫోన్ చేస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. దూరవిద్యలో చేరి, స్టడీ సెంటర్‌కు వెళ్ళి ప్రాక్టికల్స్ చేసేదే మేలు. అప్పుడు ఖర్చు ఫీజొక్కటే కాదు. బస్సు, పూట భోజనం, రాత్రి ఉండాల్సివస్తే గది, పోయిన రోజు కూలి. కాలేజీ హాస్టల్లో మూడేళ్ళతో పోలిస్తే ఇది తక్కువే, ఒప్పుకుంటాను.

రాబడి దగ్గరే తకరారు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు 11 వేలకు పైగా సర్వేయరు పోస్టులు పడ్డాయి. నా ఎరుకలో ఈ రాష్ట్రంలో నేల కొలిచే పనికి ఒక్కసారిగా అన్ని ఉద్యోగాలు ఎప్పుడూ రాలేదు. అర్హతల్లో ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ఉంది, సివిల్ డిప్లొమా ఉంది, లైసెన్స్‌డ్ సర్వేయరు సర్టిఫికెట్ ఉంది. భూగోళం డిగ్రీ లేదు. రెండు వందల ఏళ్ళ కిందట టాపింగ్ కలిపి పెట్టిన రెండూ ఇలా విడిపోయాయి. గొలుసు ఇంజనీర్లకు పోయింది, గోడమీది పటం మా మాస్టార్లకు మిగిలింది.

కాబట్టి బి.ఎడ్. తోడుంటే ఈ డిగ్రీ స్కూల్ అసిస్టెంట్ సోషల్‌కి పనికొస్తుంది. గ్రూప్స్, సివిల్స్ రాసేవాడికి ఎటూ వృథా కాదు. హైదరాబాద్ బాలానగర్‌లో ఎన్.ఆర్.ఎస్.సి. (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) లాంటి చోటికి వెళ్ళాలంటే రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ చేతిలో ఉండాలి. 2021 ఫిబ్రవరిలో పటాల మీద ఆంక్షలు సడలించాక ప్రైవేటు కంపెనీల్లోనూ ఆ పని పెరిగింది. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇస్రో భువన్‌లో మా లంకలు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. నేర్చుకునే ఓపిక ఉంటే వీటికి ఫీజే లేదు. ఉట్టి డిగ్రీ కాగితానికి మాత్రం అప్పు చెయ్యొద్దన్నాను.

మా మేనకోడలికి నా మాట సగమే నచ్చినట్టుంది. భూముల రీసర్వే కుర్రాళ్ళు ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్ పట్టుకుని మా వైపు వచ్చినప్పుడు వాళ్ళ వెనకాలే తిరిగిందట. కొబ్బరి మట్టల కింద గట్లు డ్రోనుకి కనపడవు కదా, తోటల్లో నడిచే కొలవాలి. "ఏం చదివారండి?" అని అడిగితే ఇద్దరూ సివిల్ డిప్లొమా అన్నారట. జాగ్రఫీకి దరఖాస్తు పెడుతూనే, లైసెన్స్‌డ్ సర్వేయరు శిక్షణకు డిగ్రీవాళ్ళను తీసుకుంటారో లేదో అమలాపురంలో కనుక్కుని రమ్మని నాకు పని చెప్పింది.